నెలసరి ఆగింది, కొలెస్ట్రాల్ పెరిగింది: హార్మోన్ మాత్రలు వేసుకోవాలా?

పేరు రాయవద్దంటూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం పంపారు. ఆమె వయసు 37. భర్త, తొమ్మిదేళ్ల పాప ఉన్నారు. రెండేళ్ల క్రితం ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది. దాంతోపాటే టార్గెట్లు, అర్ధరాత్రి దాకా ఫోన్లు, ఐదు గంటల నిద్ర. ఒళ్లు తగ్గించుకుందామని అప్పుడే పరుగు మొదలుపెట్టారు, రాత్రి భోజనం మానేశారు. 11 కిలోలు తగ్గారు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ రోజుల్లోనే నెలసరి 50, 60 రోజులకోసారి రావడం మొదలై, ఏడాది క్రితం పూర్తిగా ఆగిపోయింది. గర్భం కాదని పరీక్షలో తేలింది. ఒక డాక్టర్ మూడు నెలలకు గర్భనిరోధక మాత్రలు రాశారు. అవి వాడినన్నాళ్లూ నెలనెలా బ్లీడింగ్ అయింది. ఆపాక ఐదు నెలలుగా మళ్లీ ఏమీ లేదు.

ఈమధ్య హెల్త్ చెకప్ చేయించుకుంటే బీపీ, షుగర్ బాగానే ఉన్నాయి కానీ ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 158 వచ్చింది. మూడేళ్ల క్రితం అది 112. రాత్రిళ్లు అప్పుడప్పుడు గుండె దడగా ఉంటోంది. వాళ్ల అమ్మగారికి 39వ ఏట గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఆ తర్వాత హార్మోన్లేవీ ఇవ్వలేదు. 51వ ఏట గుండెపోటుతో పోయారు. భర్త మాత్రం "పీరియడ్స్ వయసులో ఉన్న ఆడవాళ్లకు హార్ట్ ఎటాక్ రాదు, ఏవేవో చదివి భయపడకు" అంటున్నారు. 43 ఏళ్ల అక్కేమో "ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గితే గుండెకు ముప్పు, మాత్రలు మొదలుపెట్టు" అంటోంది. ఆ అక్కకే ఇప్పుడు ఫైబ్రాయిడ్లని, అంటే గర్భసంచిలో గడ్డలని, గర్భసంచి తీయాలన్నారు, పనిలో పనిగా ఓవరీలు (అండాశయాలు) కూడా తీసేస్తే మంచిదన్నారు. "నేనూ అమ్మలాగే పోతానా? మాత్రలు వేసుకోనా, వద్దా?" అని ఉత్తరం ముగించారు.

* * *

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే వస్తాను. మిగతావన్నీ ఆ భయం చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి.

మీ అమ్మగారి కథ, మీ కథ ఒకటి కావు. 39 ఏళ్లకు రెండు అండాశయాలూ తీసేస్తే ఒంట్లో ఈస్ట్రోజెన్ ఒక్కరోజులో పడిపోతుంది. సహజంగా అది జరగడానికి ఆమెకు ఇంకా దాదాపు పదేళ్ల టైముంది. ఆ పదేళ్లూ ఆ లోటును ఎవరూ పూడ్చలేదు. అలాంటి స్త్రీలలో గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని తర్వాత చాలా పరిశీలనల్లో తేలింది. 45 ఏళ్లలోపు రెండు అండాశయాలూ తీయించుకుని ఈస్ట్రోజెన్ తీసుకోనివారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు ఎక్కువగా కనిపించాయని అమెరికాలోని మయో క్లినిక్ పరిశోధకులు 2009లో రాశారు. అమ్మగారికి జరిగిన దానిలో వంశం పాలు ఎంతో, ఆపరేషన్ పాలు ఎంతో ఇప్పుడు విడదీయలేం. కానీ మీ అండాశయాలు మీ ఒంట్లోనే ఉన్నాయి. అవి పనిచేయలేక ఆగాయా, పని చెప్పేవారు లేక ఆగాయా అన్నది తేలాలి. మీకు ఎవరూ వేయని ప్రశ్న ఇదే.

మీ వారి మాటలో సగం నిజం ఉంది. సగటున స్త్రీలకు గుండెపోటు మగవాళ్ల కంటే ఏడు నుంచి పదేళ్లు ఆలస్యంగా వస్తుంది. కానీ ఆ రక్షణ వయసును చూసి రాదు, అండాశయాలు పనిచేస్తుంటే వస్తుంది. అక్కడ తయారయ్యే ఈస్ట్రోజెన్ రక్తనాళాల లోపలి పొర మీద పనిచేసి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలను పెంచుతుంది. నాళాలు మెత్తగా సాగేది దానివల్లే. ఈస్ట్రోజెన్ కాలేయం మీద కూడా పనిచేస్తుంది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగే గ్రాహకాలు కాలేయంలో పెరిగేలా చేస్తుంది. "బరువు తగ్గాను, నూనె మానేశాను, అయినా కొలెస్ట్రాల్ ఎలా పెరిగింది?" అని మీరు రెండుసార్లు రాశారు. కారణం ఇదే కావచ్చు. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు ఎంత సన్నగా ఉన్నవాళ్లకైనా ఎల్‌డీఎల్ పెరగవచ్చు. థైరాయిడ్ మందగించినా ఇలాగే జరుగుతుంది, కాబట్టి అదీ చూడాలి. మొత్తానికి మీరు తిండి విషయంలో తప్పు చేశారని ఆ 158కి అర్థం చెప్పుకుని, ఉన్న తిండిని ఇంకా తగ్గించకండి. మీ విషయంలో అది నష్టమే చేస్తుంది.

ఈ రక్షణకు ఇంకో పరిమితి ఉంది. షుగర్ జబ్బు ఉన్న స్త్రీకి, పొగ తాగే స్త్రీకి నెలసరి సక్రమంగా వస్తున్నా ఆ లాభం చాలావరకు పోతుంది. పీరియడ్స్ వస్తున్న వయసులోనూ గుండెపోట్లు వస్తాయి. అరుదుగా వస్తాయి, అంతే. వాటిలో కొన్ని కొలెస్ట్రాల్‌తో సంబంధం లేకుండా, గుండె రక్తనాళం గోడ లోపలి నుంచి చిరగడం వల్ల వస్తాయి. దీన్ని స్కాడ్ అంటారు. 50 ఏళ్లలోపు స్త్రీలకు వచ్చే గుండెపోట్లలో దీని వాటా తక్కువేం కాదు. అందుకే "మీ వయసుకు గుండెపోటు ఏమిటి" అన్న మాట డాక్టర్ నోట వచ్చినా, ఇంట్లోవాళ్ల నోట వచ్చినా ఒప్పుకోకండి.

ఇక మీ నెలసరి ఎందుకు ఆగి ఉంటుంది? మీరు రాసిన వరస చదువుతుంటే నాకు ముందుగా తట్టేది ఒకటే. మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం దాని కింద ఉన్న పిట్యూటరీ గ్రంథికి, ఆ గ్రంథి అండాశయాలకు సంకేతాలు పంపుతాయి. రాబడి పడిపోయిన ఇంట్లో వాయిదా వేయగలిగిన ఖర్చును ముందు ఆపేస్తారు కదా, తిండి తగ్గి, పరుగు పెరిగి, నిద్ర కరువై, టెన్షన్ ఎడతెగకుండా ఉంటే హైపోథాలమస్ కూడా అదే చేస్తుంది. గర్భం మోయగల స్థితి కాదని లెక్కకట్టి సంకేతాలు తగ్గిస్తుంది. అండాశయాలు బాగానే ఉంటాయి, కానీ వాటికి పిలుపు రాదు. ఈస్ట్రోజెన్ మెనోపాజ్ వచ్చినవారి, అంటే వయసు మీరి నెలసరి ఆగిపోయినవారి, స్థాయి దగ్గరకు పడిపోవచ్చు. అయితే ఇది నా ఊహే. మిగతా కారణాలను ఒక్కొక్కటిగా కొట్టేశాకే ఈ పేరు పెట్టాలి.

గర్భ పరీక్ష మరోసారి, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, పాల హార్మోన్ ప్రొలాక్టిన్, అండాశయాలకు పిట్యూటరీ పంపే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రోజెన్‌లో ముఖ్య రకమైన ఈస్ట్రడయాల్, ఒక అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించండి. వీటిలో ఎఫ్‌ఎస్‌హెచ్ చాలా విషయం చెబుతుంది. ఈస్ట్రోజెన్ తక్కువగా ఉండి, ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా తక్కువగానో మామూలుగానో ఉంటే లోపం పైనుంచి వచ్చే సంకేతాల్లో ఉన్నట్టు. ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉంటే అండాశయాలే ముందుగా అలసిపోతున్నట్టు. 40 ఏళ్లలోపు ఇలా జరిగేది నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా. మొటిమలు, ముఖం మీద అవాంఛిత రోమాలు, స్కాన్‌లో చిన్న చిన్న నీటి బుడగల్లాంటివి ఉంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కావచ్చు. అప్పుడు సమస్య ఈస్ట్రోజెన్ లేమి కాదు. ఆండ్రోజెన్లు, అంటే మగ హార్మోన్లు, పెరగడం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం. గుండె ముప్పు అక్కడా ఉంటుంది, కానీ షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్లనే మరో రకం కొవ్వు దారిలో వస్తుంది. నెలసరి ఆగడం అన్న ఒక్క లక్షణం వెనక ఇన్ని వేర్వేరు కథలు ఉన్నాయి. అందుకే ఎవరో చెప్పిన మాత్ర వేసుకోవద్దంటున్నాను.

మీకు మూడు నెలలు వచ్చిన బ్లీడింగ్ గురించి సూటిగా చెబుతాను. అది మీ నెలసరి తిరిగి రావడం కాదు. మాత్రల్లోని హార్మోన్ ఆపిన వారంలో గర్భసంచి పొర ఊడిపోవడం, అంతే. అండాశయాలు అప్పుడూ నిద్రలోనే ఉన్నాయి. ఆ బ్లీడింగ్ చూసి మీరూ, మీ డాక్టరూ ఊరట పడ్డారు, దాంతో అసలు వెతుకులాట ఆగిపోయింది. ఇది నేను చాలామంది విషయంలో చూస్తూ ఉంటాను, చూసినప్పుడల్లా బాధగానే ఉంటుంది. పైన చెప్పిన హార్మోన్ పరీక్షలు ఆ మాత్రలు వాడుతున్నప్పుడు చేస్తే ఫలితాలను నమ్మలేం. మీరు ఆపి ఐదు నెలలైంది కాబట్టి ఇదే సరైన సమయం.

ఒత్తిడితో నెలసరి ఆగడానికీ గుండెకూ సంబంధం ఉందా అంటే, ఉందనడానికి ఆధారాలున్నాయి. 1980లలో అమెరికాలో ఆడ కోతుల గుంపులను పరిశీలించారు. గుంపులో అణగిమణగి బతకాల్సి వచ్చిన కోతులకు అండాశయాల పని దెబ్బతింది, పెత్తనం చేసే కోతులకు బాగానే ఉంది. అందరికీ ఒకే తిండి పెట్టినా, కింది స్థాయి కోతుల గుండె రక్తనాళాల్లోనే కొవ్వు పూడిక ఎక్కువగా చేరింది. అండాశయాలు తీసేసిన కోతులతో సమానంగా చేరింది. మనుషుల విషయానికొస్తే, గుండె అనుమానంతో యాంజియోగ్రామ్ చేయించుకున్న, ఇంకా మెనోపాజ్ రాని స్త్రీల మీద వైజ్ అనే అధ్యయనం 2003లో ఒక ఫలితం ప్రకటించింది. రక్తనాళాల్లో పూడికలున్నవారిలో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉండటం, అది కూడా మెదడు సంకేతాలు తగ్గడం వల్ల తక్కువగా ఉండటం, మిగతావారి కంటే చాలా ఎక్కువగా కనిపించింది.

ఇది చదివి గుండె పట్టుకోకండి. అందులో ఉన్నది వందమంది లోపే, వాళ్లంతా అప్పటికే గుండె అనుమానంతో ఆస్పత్రికి వచ్చినవాళ్లు. ఈ ఏడాదో వచ్చే ఏడాదో మీకు గుండెపోటు వచ్చే అవకాశం చాలా తక్కువ. నేను ఆలోచిస్తున్నది మీ 50వ ఏటి గురించి. రక్తనాళాల్లో పూడిక నెమ్మదిగా, ఏళ్ల తరబడి చేరేది కాబట్టి ఇప్పటి ఈ రెండేళ్లూ ఐదేళ్లు కాకుండా చూసుకోవాలి.

"అయితే అక్క చెప్పినట్టు ఈస్ట్రోజెన్ వేసుకుంటే సరిపోతుంది కదా" అంటారేమో. మీ అక్క ఆలోచించినట్టే ఒకప్పుడు పెద్దపెద్ద వైద్యులూ ఆలోచించారు. గుండెపోటు వచ్చిన మగవాళ్లకు ఈస్ట్రోజెన్ ఇచ్చి చూశారు. గుండెపోట్లు పెరగడంతో ఎక్కువ మోతాదు ఇచ్చే భాగాన్ని 1970లో ఆపేశారు. గుండె జబ్బున్న మెనోపాజ్ దాటిన స్త్రీలకు హార్మోన్లు ఇస్తే లాభం కనబడలేదని 1998లో తేలింది. 2002లో అమెరికాలోని విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరిశోధనలో ఈస్ట్రోజెన్, దానికి తోడుగా ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ కలిపి ఇచ్చిన భాగాన్ని మధ్యలోనే నిలిపివేశారు. 16,608 మంది పాల్గొన్న ఆ పరిశోధనలో గుండెకు మేలు జరగకపోగా గుండెపోట్లు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ కొంత పెరిగాయి. అందుకే గుండె జబ్బు రాకుండా ఉండటానికని ఎవరికీ హార్మోన్లు ఇవ్వరు. అయితే ఆ పరిశోధనలో ఉన్నవారి సగటు వయసు 63. వాళ్లకు వచ్చిన ఫలితాన్ని 37 ఏళ్లకే ఈస్ట్రోజెన్ లేకుండా పోయిన స్త్రీకి అంటగట్టకూడదు. మీ పరీక్షల్లో అండాశయాలే ముందుగా ఆగిపోయాయని తేలితే, వేరే అభ్యంతరం లేనప్పుడు, సహజ మెనోపాజ్ వయసు దాకా, అంటే దాదాపు 50 వరకు, హార్మోన్లు తీసుకోవడమే మంచిదని వైద్య సంఘాలు చెబుతున్నాయి. అప్పుడు అది మందు కన్నా లోటు పూడ్చడం అనుకోవచ్చు. 2002 వార్తలు చూసి భయపడి అది మానేసిన చిన్న వయసు స్త్రీలు చాలామంది ఎముకలను, గుండెను నష్టపోయారని నా గట్టి అభిప్రాయం.

నా ఊహే నిజమై, సంకేతాలు తగ్గడం వల్లే నెలసరి ఆగిందనుకుందాం. అప్పుడు మీ ముందు కొన్ని దారులుంటాయి.

ఏమీ చేయకుండా చూద్దాం అనుకోవచ్చు. కొందరికి ఉద్యోగంలో ఒత్తిడి తగ్గగానే దానంతటదే వస్తుంది. కానీ మీకు ఇప్పటికే ఏడాదైంది. ఎదురుచూసే కాలంలో మొదట దెబ్బతినేది ఎముకలు, అందుకే ఒకసారి ఎముకల సాంద్రత స్కాన్ చేయించమంటాను. మళ్లీ గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టొచ్చు. గర్భం వద్దనుకుంటే అవి ఆ పని చేస్తాయి, కానీ నెలసరి తెప్పించడానికో ఎముకలను కాపాడడానికో మాత్రమే వాటిని వాడవద్దని 2017లో అమెరికాలోని హార్మోన్ వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ చెప్పింది. రక్తం గడ్డకట్టే ముప్పు కొద్దిగా పెరుగుతుంది. పొగ తాగే అలవాటు, బీపీ, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉంటే అవి అసలు పనికిరావు. పైగా అసలు సమస్య నయమైందో లేదో తెలియకుండా కప్పేస్తాయి.

నేను మొగ్గేది మూడో దారికి. కడుపునిండా తినడం, రాత్రి భోజనం మళ్లీ మొదలుపెట్టడం, పరుగును కొన్ని నెలలు బాగా తగ్గించి నడకతో సరిపెట్టడం, నిద్రను ఏడు గంటలకు తేవడం. రాయడానికి ఇది తేలికగా ఉంది. చేయడం మీకు కష్టమని తెలుసు. మూడు, నాలుగు కిలోలు పెరగవచ్చు. మెచ్చుకున్న నోళ్లే "మళ్లీ ఒళ్లు చేశావే" అంటాయి. ఆ మాట తట్టుకోలేకనే చాలామంది మధ్యలో వదిలేస్తారు. మీ ఉత్తరంలో తగ్గిన కిలోల గురించి రాసినప్పుడు మీ గొంతులో కనిపించిన గర్వం చూసి ఈ మాట అంటున్నాను. తినాలంటే భయం వేస్తోందా, పరుగు మానిన రోజు తప్పు చేసినట్టు ఉంటోందా? అలా ఉంటే ఒక సైకాలజిస్టుతో మాట్లాడండి. ఆలోచనా ధోరణిని మార్చే కౌన్సెలింగ్‌తోనే అండాశయాలు మళ్లీ పనిచేయడం మొదలైన సందర్భాలున్నాయి. దాని మీద చిన్నపాటి అధ్యయనం కూడా 2003లో వచ్చింది. ఈ దారిలో ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఇంకో సంగతి. తొలి నెలసరి కనబడకముందే అండం విడుదలవుతుంది. రెండో బిడ్డ వద్దనుకుంటే ఇప్పటినుంచే జాగ్రత్త తీసుకోండి.

అంత ప్రయత్నించినా రాకపోతే చర్మం మీద అతికించే ఈస్ట్రడయాల్ ప్యాచ్ లేదా జెల్, దానికి తోడుగా నెలలో కొన్ని రోజులు ప్రొజెస్టెరాన్ మాత్రలు కొంతకాలం ఇస్తారు. గర్భసంచి ఉన్న స్త్రీ ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు, లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయవచ్చు. అక్క చెప్పిన మాత్ర ఏదో నాకు తెలియదు కానీ, ఈ ఒక్క కారణం చాలు దాన్ని సొంతంగా మొదలుపెట్టకుండా ఉండటానికి.

గుండె సంగతి విడిగా చూసుకోండి, నెలసరి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. తల్లికి 65 ఏళ్లలోపు గుండెపోటు వస్తే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఆమెకు జరిగిన ఆపరేషన్ సంగతి కూడా చెప్పండి. పాప కడుపులో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా, షుగర్ వచ్చిందా? మీరు రాయలేదు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదకరంగా పెరిగే ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి తర్వాతి జీవితంలో గుండె జబ్బు ముప్పు సుమారు రెట్టింపు. దాన్ని గైనకాలజిస్టు ఫైల్లోనే వదిలేయకండి. లైపోప్రొటీన్ ఎ అనే పరీక్ష జీవితంలో ఒకసారి చేయించుకుంటే చాలు, వంశం నుంచి వచ్చే ముప్పుల్లో ఒకటి మీకుందో లేదో అందులో తెలుస్తుంది. 158కి వెంటనే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాలా అన్నది మిగతా రిపోర్టులు చూసి డాక్టర్ చెప్పాలి. నెలసరి తిరిగొచ్చాక ఎల్‌డీఎల్ దానంతటదే తగ్గే అవకాశం ఉంది కాబట్టి కొన్ని నెలలు ఆగి మళ్లీ చూద్దామనడం తప్పేం కాదు. మరో బిడ్డ ఆలోచన ఉంటే ఆ మాట ముందే చెప్పండి, గర్భానికి ప్రయత్నించేటప్పుడు సాధారణంగా స్టాటిన్లు ఆపుతారు.

దడకు ఒక ఈసీజీ, హిమోగ్లోబిన్, పొటాషియం చూపించుకోండి. తక్కువ తినేవారిలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పడం ఉంటుంది. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో బరువు, దవడకో భుజానికో వీపుకో పాకే నొప్పి, ఊపిరి అందకపోవడం, చెమటలు వచ్చినా గ్యాస్ అనుకుని తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి ఈసీజీ తీయమని మీరే అడగండి.

మీ వారితో వాదనకు దిగవద్దు. గైనకాలజిస్టు దగ్గరికి ఆయన్ని వెంట తీసుకెళ్లండి. ఆయన మాట కొట్టిపారేసినట్టు మీకు అనిపించింది కానీ, నాకు మాత్రం మీరు భయపడటం చూసి ఆయనా భయపడుతున్నట్టు అనిపించింది. రాత్రి ఫోన్లు ఎవరు ఎత్తాలి, పాప పనులు ఎవరు చూడాలి అన్నది డాక్టర్ ముందు ఇద్దరూ కూర్చుని వింటే, నిద్ర కూడా మీ చికిత్సలో భాగమేనని ఆయనకు అర్థమవుతుంది.

అక్క విషయం మాత్రం తొందరది. ఫైబ్రాయిడ్లు క్యాన్సర్ కాదు. వాటి కోసం గర్భసంచి తీయాల్సి రావచ్చు, రాకపోనూ వచ్చు. గర్భసంచిలో పెట్టే హార్మోన్ ఉన్న లూప్, గడ్డలు మాత్రమే తీసే ఆపరేషన్, వాటికి వెళ్లే రక్తనాళాలను మూసే పద్ధతి, ఇలా వేరే దారులు ఆమెకు కుదురుతాయేమో అడగమనండి. గర్భసంచి తీసినా అండాశయాలు ఉంటే నెలసరి రాదు కానీ హార్మోన్లు వస్తూనే ఉంటాయి. 43 ఏళ్లకు బాగున్న ఓవరీలను "పనిలో పనిగా" తీయడం అంటే అమ్మగారి విషయంలో జరిగిందే మళ్లీ చేయడం. ఓవరీల్లో గడ్డ అనుమానంగా ఉంటే, ఇంట్లో అండాశయ లేదా రొమ్ము క్యాన్సర్లు ఎక్కువగా ఉండి బీఆర్‌సీఏ లాంటి జన్యు లోపం బయటపడితే తీయడం న్యాయమే. అప్పుడైనా ఆపరేషన్ తర్వాత హార్మోన్లు ఇవ్వవచ్చా అన్నది ముందే మాట్లాడుకోవాలి. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే సరిపోతుంది. అందుకని ఆమె డాక్టర్‌ను మూడు అడగాలి: నా ఓవరీల్లో స్కాన్‌లో ఏం కనిపించింది, అవి ఉంచితే నాకున్న ప్రమాదం ఏమిటి, తీస్తే 50 ఏళ్ల వరకు ఏం ఇస్తారు. ఆపరేషన్ రోజు సంతకం పెట్టేముందు ఫారంలో ఏయే అవయవాలు తీస్తామని రాశారో మీరు పక్కన కూర్చుని చదవండి. ఓవరీలు ఉంచమని తను నిర్ణయించుకుంటే, ఆ మాట ఫారంలోనే రాయించండి.